లీటర్లు కాదు, తోక వెడల్పు చూడండి

ఈమధ్య మా సర్ఫింగ్ వాట్సాప్ గ్రూపులో ఎవరు బోర్డు కొనబోయినా మొదట అడిగేది ఒకటే. "అన్నా, నేను 70 కిలోలు. ఎన్ని లీటర్లు తీసుకోమంటావ్?" వెంటనే ఎవరో ఒకరు ఆన్‌లైన్ కాల్‌క్యులేటర్ లింకు పెడతారు. బరువు, వయసు, ఎన్నేళ్లుగా సర్ఫింగ్ చేస్తున్నావు అన్న మూడు ముక్కలు నొక్కితే 31.4 అనో 33.2 అనో ఒక అంకె వస్తుంది. ఆ అంకె పట్టుకుని చెన్నైలోనో గోవాలోనో అమ్మకానికి పెట్టిన సెకండ్ హ్యాండ్ బోర్డులు వెతుకుతారు. అంకె కుదిరిందా, డబ్బు పంపేస్తారు. బోర్డు బస్సెక్కి విశాఖ వచ్చేస్తుంది.

లీటర్లంటే బోర్డు ఎంత చోటు ఆక్రమిస్తుందో చెప్పే కొలత. పడుకుని చేతులతో నీళ్లు లాక్కుంటూ లోపలికి పోయేటప్పుడు అది నిజంగానే పనికొస్తుంది. కానీ చిన్న కెరటాల కోసం బోర్డు ఎంచుకునేటప్పుడు అది మొదటి ప్రశ్న కాకూడదు. రెండోదీ కాకూడదు. మొదట చూడాల్సింది తోక చివరి నుంచి 12 అంగుళాలు పైకి వచ్చాక బోర్డు ఎంత వెడల్పుందో. తర్వాత కింది వంపు, అంటే రాకర్, ఎంతుందో. ఈ రెండూ కుదిరాకే లీటర్ల మాట. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు దొరికేవి మోకాలికీ నడుముకీ మధ్య ఉండే కెరటాలే. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం నుంచి దూరపు కెరటాలు వచ్చే రోజులు పక్కన పెడితే, శీతాకాలమంతా సముద్రం నెమ్మదిగానే ఉంటుంది. అలాంటి చోట లీటర్ల అంకె ఒక్కటే నమ్ముకుని బోర్డు కొనడం వల్ల చాలామంది కుర్రాళ్లు మొదటి ఏడాదిలోనే విసిగిపోయి ఆట మానేస్తున్నారు. నా బాధంతా అదే.

నిలబడ్డాక లీటర్లేం చేస్తాయి

ఒక చిన్న లెక్క చేద్దాం. 31 లీటర్ల బోర్డు పూర్తిగా మునిగితే 31 లీటర్ల నీటిని పక్కకి నెడుతుంది. ఉప్పునీరు కాబట్టి దాదాపు 32 కిలోలు మోయగలదు. అందులోంచి బోర్డు సొంత బరువు ఓ మూడు కిలోలు తీసేస్తే మిగిలేది 29. దాని మీద నిలబడే మనిషేమో 70 కిలోలు. కదలని నీళ్లలో అలా నిలబడాలని చూస్తే నడుం దాటి దిగిపోతాం. 31కి బదులు 34 లీటర్ల బోర్డు తెచ్చుకున్నా జరిగేది అదే, ఓ నాలుగు వేళ్ల తేడాతో.

మరి కెరటం మీద మునగకుండా ఎలా నిలబడుతున్నాం? వేగం వల్ల. చిన్నప్పుడు చెరువు గట్టున నిలబడి పెంకు ముక్క విసిరితే కప్పగంతులు వేసుకుంటూ పోయేది గుర్తుందా? పెంకుకి తేలే గుణం లేదు. చదునుగా ఉండి వేగంగా పోతోంది కాబట్టి నీరు దాన్ని పైకి తోస్తుంది. నిలబడ్డాక మన బోర్డుని పైన ఉంచేది కూడా చాలావరకు ఆ తోపుడే. అది ఎంతన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: నీటిని తాకుతున్న అడుగు భాగం ఎంత విశాలంగా ఉంది, ఎంత వేగంగా పోతోంది. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది.

ఇప్పుడు కెరటం వేగం చూడండి. ఒడ్డు దగ్గర కెరటం వేగాన్ని నీటి లోతు నిర్ణయిస్తుంది. సుమారుగా చెప్పాలంటే 60 సెంటీమీటర్ల కెరటం 77 సెంటీమీటర్ల లోతుకి వచ్చేసరికి విరుగుతుంది. అప్పుడు దాని వేగం గంటకి 10 కిలోమీటర్లు. అదే 1.8 మీటర్ల కెరటమైతే 2.3 మీటర్ల లోతులో విరుగుతుంది, వేగం గంటకి 17 కిలోమీటర్లు. ఎత్తు మూడింతలైతే వేగం 1.7 రెట్లయింది. దాన్ని వర్గం చేస్తే మళ్లీ మూడు. మనం కెరటానికి అడ్డంగా కోసుకుంటూ పోతాం కాబట్టి బోర్డు అసలు వేగం ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది గానీ, ఈ నిష్పత్తి పెద్దగా మారదు. నిలువెత్తు కెరటం మీద ఒక బోర్డుకి దొరికే తోపుడులో మూడో వంతే మోకాలు దాటిన కెరటం మీద దొరుకుతుందన్నమాట.

మూడింతల బోర్డు తయారు చేసుకోలేం కాబట్టి ఉన్న బోర్డే లోతుగా మునిగి, తోక కిందికి వేలాడేసి, నీళ్లని దున్నుకుంటూ పోతుంది. అందుకే చిన్న కెరటం మీద ప్రతి అంగుళం వైశాల్యమూ విలువైనదే. అయితే ఆ వైశాల్యం ఎక్కడ ఉండాలి? వేగం అందుకున్న బోర్డుని పక్క నుంచి ఫొటో తీసి చూడండి. నోస్, అంటే ముందు కొన, గాల్లో ఉంటుంది. ముందు కాలి దగ్గర మొదలై వెనక్కి ఉన్న భాగమే నీటిని తాకుతుంది. నోస్‌లో దాచిన ఫోమ్, ఛాతీ కింద ఉన్న రెండున్నర అంగుళాల మందం, ఇవన్నీ లీటర్ల లెక్కలోకి వస్తాయి. పడుకున్నప్పుడు ఇవి మనల్ని మోసిన మాట నిజం. లేచి నిలబడ్డ మరుక్షణం వాటి పని దాదాపు అయిపోయింది. మన బరువంతా ఇప్పుడు రెండు కాళ్ల కింద, అందులోనూ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా వెనక కాలి కింద. ఆ కాలి కింద చదునైన వెడల్పు లేకపోతే ఎన్ని లీటర్లున్నా ఒకటే.

రెండు బోర్డులు, ఒకే అంకె

ఈ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మరు. నమ్మించే అవకాశం ఈ శీతాకాలంలో జోడుగుళ్లపాలెం దగ్గర దొరికింది. అక్కడి మత్స్యకార కుటుంబం కుర్రాడొకడు, ఓ 60 కిలోలుంటాడు, ఈత గురించి చెప్పక్కర్లేదు. వాడు కొత్తగా కొనుక్కున్న బోర్డు 6 అడుగుల 1 అంగుళం పొడవు, 19 అంగుళాల వెడల్పు, రెండున్నర మందం. తోక గుండ్రంగా, సన్నగా ఉంటుంది, 12 అంగుళాల దగ్గర కొలిస్తే 13.75 మాత్రమే. నా దగ్గరున్నది 5 అడుగుల 7 అంగుళాలు, వెడల్పు 20.75, మందం రెండున్నరకి తక్కువ, 2.375. తోక 16.25, చివర చీలిన స్వాలో టెయిల్. రెండూ 31 లీటర్లే. కాల్‌క్యులేటర్ దృష్టిలో రెండిటికీ తేడా లేదు.

పొద్దున్నే గాలి ఇంకా ఒడ్డు మీంచి సముద్రం వైపు వీస్తోంది. కెరటాలు నడుముకి ఓ జానెడు తక్కువ. నేను విరిగే చోటికి కొంచెం పక్కగా నీళ్లలో కూర్చుని చూస్తున్నాను. వాడు తన బోర్డు మీద కెరటం అందుకున్నాడు, లేచాడు. లేచిన క్షణంలోనే వెనక కాలి చుట్టూ నీళ్లు పైకి చిమ్మాయి. మడమ కింద ఉండాల్సిన నల్ల ప్యాడ్ నీళ్లలో కనబడకుండా పోయింది, నోస్ ఆకాశం వైపు లేచింది. కెరటం వాడి కింది నుంచి మెల్లగా జారి ఒడ్డుకి వెళ్లిపోయింది. మళ్లీ పట్టాడు, మళ్లీ అంతే. వాడి కాళ్లలో ఏ లోపమూ లేదు. లేవడం చక్కగా లేస్తున్నాడు, మోకాళ్లు వంచాల్సినంతే వంచుతున్నాడు. కాలి కింద ఆసరా లేదు.

బోర్డులు మార్చుకున్నాం. అలాంటి కెరటమే, బహుశా ఇంకాస్త చిన్నది. లేచాడు. ఈసారి ప్యాడ్ మీద నీళ్లు నిలవలేదు, తోక వెనక రెండు తెల్లటి చారలు విడివిడిగా సాగాయి. కెరటం మధ్యలో పల్చబడే చోటొకటి ఉంటుంది అక్కడ, మా అందరి బోర్డులూ ఆగిపోయేది దాని దగ్గరే. వాడు అది దాటేశాడు. అవతల కెరటం మళ్లీ నిటారుగా లేచే దాకా పోయి, అక్కడ ఇసుకలో దిగి నన్ను చూసి కేకేశాడు. "అన్నా, ఇది దానంతటదే పోతంది!"

ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన ఇదంతా చూస్తూనే ఉన్నారు. బోర్డు ఇసుకలో పెట్టగానే దగ్గరికొచ్చి వెనక వైపు జానతో కొలిచారు. తెప్ప మీద ఈ కెరటాలే దాటుకుంటూ జీవితమంతా గడిపిన మనిషి. "ఎనకాల ఎడల్పుంటే కెరటం బాగా తోత్తాది బాబూ. గానీ తిప్పితే మాట ఇనదు" అన్నారు. వెడల్పు తోకకున్న బలమూ బలహీనతా ఇంత పొందికగా నాకెవరూ చెప్పలేదు. ఆ రెండో సగం గురించి కిందకి వస్తాను.

చివర ఎలా కోశారన్నది తర్వాతి మాట

తోక ఆకారం అనగానే అందరూ చివరి కోత గురించే మాట్లాడతారు. స్క్వాషా, స్వాలోనా, రౌండా, పిన్నా, డైమండా అని. ఆ కోతకి ముందున్న వెడల్పు ఎంతో చెప్పకుండా ఈ చర్చకి అర్థం లేదని నా ఉద్దేశం. 14 అంగుళాల తోకకి స్వాలో కోసినంత మాత్రాన అది చిన్న కెరటాల బోర్డు అయిపోదు. 16 అంగుళాల తోకని కాస్త గుండ్రంగా ముగించినంత మాత్రాన చిన్న కెరటాలకి పనికిరాకుండానూ పోదు.

అలాగని కోతకి పనే లేదనను. వెడల్పు తోకతో వచ్చే చిక్కు ఏమిటంటే, బోర్డుని ఒక పక్కకి వంచి అంచుని నీళ్లలో దించాలంటే మధ్య గీత నుంచి అంచు దూరంగా ఉంటుంది. పాదం పొడవు మారదు కదా. మడమో వేళ్లో అంచు దాకా అందకపోతే వంచడానికి బలం చాలదు. స్వాలో ఆ చిక్కుని ఒక రకంగా విప్పుతుంది. ఫిన్ల దగ్గర, అంటే తోక అడుగున ఉండే రెక్కల దగ్గర, వెడల్పు అలాగే ఉంచి, చివర మధ్యలో ముక్క తీసేస్తుంది. ఒక పక్కకి వంచినప్పుడు నీళ్లలో ఉండేది ఆ పక్క కొన ఒక్కటే, అది సన్నటి పిన్ టెయిల్‌లా పట్టు ఇస్తుంది. డైమండ్ ఇంకో దారి పట్టింది, మధ్యలో వైశాల్యం ఉంచుకుని రెండు పక్కలా అంచుని పొట్టి చేసింది. స్క్వాష్‌కి మూలలు కొద్దిగా గుండ్రం చేసిన చదరపు చివర ఉంటుంది. నీరు ఆ చివర దగ్గర ఠక్కున విడిపోతుంది కాబట్టి బోర్డు చురుగ్గా, ఉన్నచోటే తిరుగుతుంది. రౌండ్ టెయిల్‌లో నీరు ఆ వంపుని పట్టుకుని వస్తుంది. పెద్ద కెరటంలో నిండైన మలుపులకి అది హాయి, చిన్నదాంట్లో కాస్త బద్ధకం. పిన్ టెయిల్ సంగతి మన దగ్గర మాట్లాడుకోనక్కర్లేదు.

ఫిన్లు కూడా ఈ లెక్కలోవే. తోక వెడల్పయ్యే కొద్దీ పక్క ఫిన్లు ఒకదానికొకటి దూరమవుతాయి. రెండే ఫిన్లుంటే నీటి ఒరిపిడి తక్కువ, బోర్డు స్వేచ్ఛగా జారుతుంది. నాలుగుంటే అడ్డంగా పోయేటప్పుడు వేగం, పట్టు రెండూ ఉంటాయి. మూడుంటే కాలితో తొక్కి వేగం పుట్టించుకోవడానికి ఆసరా దొరుకుతుంది, కానీ మధ్య ఫిన్ నిటారుగా పోయేటప్పుడు కొంచెం లాగుతుంది. కొనేటప్పుడు ఐదు ఫిన్ బాక్సులు, అంటే ఫిన్లు బిగించే గాళ్లు, ఉన్నది దొరికితే వదలొద్దు.

ఛాంపియన్లు తొక్కేవి చూసి

2025 ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్ జరిగింది. మన దేశపు సర్ఫర్ రమేశ్ బుదిహాళ్ కాంస్యం గెలిచాడు. ఆ వీడియోలు చూసి మన కుర్రాళ్లకి వచ్చిన ఉత్సాహం చూస్తే కడుపు నిండిపోతుంది. దాంతోపాటే ఒక వాదన కూడా వచ్చింది: పోటీల్లో అందరూ సన్నటి మూడు ఫిన్ల స్క్వాష్ టెయిల్ బోర్డులే వాడతారు, కెరటాలు చిన్నవైనా సరే, మనమెందుకు వాడకూడదు? కోకో బీచ్ సంగతి చెబుతారు. ఫ్లోరిడా తీరానికి ఎదురుగా బహామాస్ దీవులు అడ్డం, లోతు తక్కువైన అడుగు భాగం చాలా దూరం పరుచుకుని ఉంటుంది, కెరటాల బలం దారిలోనే చచ్చిపోతుంది. అక్కడ పుట్టి పెరిగిన కెల్లీ స్లేటర్ 11 సార్లు ప్రపంచ విజేత అయ్యాడు.

బలమైన వాదనే. కాదనలేను. కానీ స్లేటర్ లాంటివాళ్లు కెరటం ఇచ్చే వేగం మీద బతకరు. బోర్డుని పైకీ కిందకీ తొక్కుతూ, సరిగ్గా ఎక్కడ బరువు దించాలో ఎక్కడ ఎత్తాలో శరీరానికి తెలిసిపోయి, వేగం తామే పుట్టించుకుంటారు. 1990ల మొదట్లో ఆయన తరం వాడిన బోర్డులు 18 అంగుళాల వెడల్పు, రెండు అంగుళాలు దాటీ దాటని మందం, ముందూ వెనకా బాగా పైకి వంగిన రాకర్. ప్రపంచమంతటా మామూలు మనుషులు అవే కొనుక్కుని నీళ్లలో మునుగుతూ ఓ దశాబ్దం అవస్థపడ్డారు. ఆ దశాబ్దం మధ్యలో పొట్టి, వెడల్పు బోర్డులు మళ్లీ తిరిగొచ్చాయంటే కారణం అదే.

మళ్లీ అని ఎందుకన్నానంటే, వెడల్పు తోక కొత్త సంగతి కాదు. కాలిఫోర్నియాలో బాబ్ సిమన్స్ 1940ల చివర్లోనే నీటి మీద జారే వేగపు పడవల పరిశోధన చదివి, వెనక విశాలంగా, రెండు ఫిన్లతో బోర్డులు చేశాడు. కాల్‌టెక్‌లో చదువుకున్న మనిషి. 1954లో లా హోయా దగ్గర కెరటాల్లోనే పోయాడు. 1967లో శాన్ డియాగోలో స్టీవ్ లిస్ అనే కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని కెరటాలు పట్టడానికి ఒక పొట్టి బోర్డు చేసుకున్నాడు, వెడల్పు తోక, లోతైన చీలిక, రెండు పొడవాటి కీల్ ఫిన్లు. ఈరోజు మనం ఫిష్ అంటున్నది దాన్నే. 1976లో హవాయి సర్ఫర్ రెనో అబెలీరా 5 అడుగుల 3 అంగుళాల అలాంటి బోర్డుతో ఆస్ట్రేలియా పోటీలకి వెళితే, అక్కడ మార్క్ రిచర్డ్స్ దాన్ని చూశాడు. తన పద్ధతిలో మార్చుకున్న రెండు ఫిన్ల బోర్డుతో 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగేళ్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఇక మూడు ఫిన్ల కథ. ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ భారీ మనిషి. రిచర్డ్స్ కింద అద్భుతంగా పోయే రెండు ఫిన్ల బోర్డు ఆయన బరువైన వెనక కాలి కింద అదుపు తప్పి పక్కకి జారేది. 1980లో మధ్యలో మూడో ఫిన్ పెట్టాడు, 1981లో బెల్స్ బీచ్‌లో పెద్ద కెరటాల్లో గెలిచాడు. మన కుర్రాళ్లు గమనించని సంగతి ఇక్కడే ఉంది. ఆండర్సన్ తోకని సన్నం చేసి పట్టు తెచ్చుకోలేదు. తోక వెడల్పు ఉంచుకుంటూనే పట్టు కోసం ఫిన్ చేర్చాడు. పోటీ బోర్డు అనగానే గుర్తొచ్చే త్రస్టర్, అంటే ఈ మూడు ఫిన్ల బోర్డు, పుట్టుకలోనే వెడల్పు తోకని వదులుకోకూడదన్న పట్టుదల ఉంది.

శాన్ డియాగో ఫిష్, విశాఖ ఒడ్డు

ఇంతవరకూ చదివినవాళ్లు, అయితే ఫిష్ కొనేస్తే సరిపోతుందిగా అనుకోవచ్చు. పెద్దాయన చెప్పిన రెండో సగం ఇక్కడ పనికొస్తుంది.

చిన్న కెరటాలన్నీ ఒక జాతివి కావు. బలహీనంగా, పల్చగా, చాలా దూరం సాగే చిన్న కెరటం ఒకటి. ఎత్తు తక్కువైనా ఒడ్డు దగ్గరికి రాగానే గోడలా లేచి దభీమని పడే చిన్న కెరటం ఇంకొకటి. స్టీవ్ లిస్ ఊళ్లో రాతి అడుగు మీద సాగే పొడవాటి కెరటాలకి ఫిష్ పుట్టింది. మనది ఇసుక. అదీ కుదురుగా ఉండని ఇసుక. ఔటర్ హార్బర్ గోడల వల్ల దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక ఆగిపోతుంది, పోర్టువాళ్లు తవ్వి తెచ్చిన ఇసుకని ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు, ఒక్కో వానాకాలం తర్వాత తీరం మరోలా తయారవుతుంది. ఆర్కే బీచ్‌లో ఒడ్డు దగ్గరే లేచి పడే కెరటం గురించి విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు. సర్ఫింగ్ సంగతి అటుంచి, స్నానానికి దిగడమే అక్కడ ప్రమాదం. ఉత్తరానికి వెళ్లే కొద్దీ కొంచెం మెత్తబడుతుంది గానీ, ఆటుపోట్లని బట్టి పూట పూటకీ స్వభావం మారుతుంది. నిండు పోటు మీద ఒడ్డు దగ్గర గోడ లేస్తుంది, పాటు సమయంలో బయటి ఇసుక దిబ్బ మీద ముందే విరిగి సాగుతుంది.

ఆ గోడ లాంటి కెరటం మీద నిజమైన ఫిష్‌తో దిగి చూస్తే దాని బలమే దాని బలహీనత అవుతుంది. వెడల్పు తోకని కెరటం వెనక నుంచి ఎత్తుతుంది. తోక లేచిందంటే నోస్ కిందికి దిగాలి. రాకర్ దాదాపు లేని చదును బోర్డు కాబట్టి నోస్ నేరుగా నీళ్లలో గుచ్చుకుంటుంది. మనిషి ముందుకి, బోర్డు మన మీదకి. దాన్ని తప్పించుకుని దిగినా, కింద మలుపు తిప్పడానికి చోటు ఉండదు. పొడవాటి కీల్ ఫిన్లు సూటిగా పోతామంటాయి. అలాంటి పూటల్లో ఆ కుర్రాడి సన్న తోక బోర్డే నా ఫిష్ కంటే మెరుగ్గా పోయింది. నా వాదనకి ఇది ఎదురు సాక్ష్యం కదా అంటే, ఒక మేరకి అవును. నిటారు కెరటం ఎత్తుకి మించిన వేగం ఇస్తుంది, కాబట్టి తోక వెడల్పు అవసరం కొంత తగ్గుతుంది. చిన్న కెరటం అనే ఒక్క మాటలో ఈ రెండిటినీ కలిపేస్తే తప్పు బోర్డు కొంటాం.

ఇంకో అనుమానం కూడా నన్ను వదలదు. వెడల్పు తోక నాకు నచ్చడానికి నేను ముందు కాలి మీద బరువు వేసి పోయే మనిషిని కావడమే కారణమా? ముందు కాలి మీద నడిపేవాళ్లకి ఫిష్ వెంటనే కుదురుతుంది. వెనక కాలితో తొక్కి తిప్పే అలవాటున్నవాళ్లకి అదే బోర్డు మొండిగా అనిపిస్తుంది. రిచర్డ్స్, ఆండర్సన్ ఒకే కాలంలో, ఒకే దేశంలో చెరో దారీ పట్టారంటే శరీరాలు వేరు కావడం వల్లే. కాబట్టి అందరికీ ఒకే కొలత చెప్పలేను. ఏ కొలత ముందు అడగాలన్నది మాత్రం చెప్పగలను.

వీటన్నిటికంటే లాంగ్‌బోర్డు కొనుక్కోవచ్చు కదా అని మా గ్రూపులో ఒకాయన ఎప్పుడూ అంటారు. తొమ్మిదడుగుల బోర్డు మోకాలి కెరటాన్ని కూడా పట్టేస్తుంది, అది నిజం. ఆ ఆట అందమే వేరు. కానీ ఒడ్డు దగ్గర గోడలా పడే చోట తొమ్మిదడుగుల బోర్డు లోపలికి తీసుకెళ్లడం కష్టం, జనం మధ్యలో చేయి జారితే ఎవరికో తగులుతుంది. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు. స్కూటర్ పక్కన కట్టుకుని బీచ్ రోడ్డులో పోలేం. మత్స్యకార కాలనీల కుర్రాళ్లకి ఇవేవీ చిన్న విషయాలు కావు.

ఒక్క బోర్డే కొనగలిగితే

మన దగ్గర ఎవరికీ మూడేసి బోర్డులుండవు. ఒక్కటే కొనగలిగితే, 70 కిలోల మనిషికి, లేచి అడ్డంగా పోవడం వచ్చినవాడికి, నేను చెప్పేది ఇది: పొడవు 5 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 20.25, మందం రెండున్నరకి కొంచెం తక్కువ. తోక 12 అంగుళాల దగ్గర 15.5 నుంచి 16 మధ్య. చివర స్క్వాష్, లేదా లోతు తక్కువ చీలికతో స్వాలో. వెనక రాకర్ తక్కువగా, ముందు మాత్రం ఫిష్ కంటే కాస్త ఎక్కువగా ఉండాలి, మన గోడ కెరటం కోసం. లీటర్లు 31 దగ్గర వస్తాయి. తోక, రాకర్ కుదిరి 30 వచ్చినా 32 వచ్చినా బాధపడొద్దు. 55 కిలోలవాళ్లు పొడవు మూడు నాలుగు అంగుళాలు తగ్గించుకోవచ్చు, తోక మాత్రం అర అంగుళానికి మించి తగ్గించకండి. 85 కిలోలు దాటితే పొడవు కంటే ముందు వెడల్పు పెంచండి, తర్వాత మందం. మందం మరీ పెంచితే అంచు ఉబ్బెత్తుగా తయారై నీళ్లలో దిగనని మొరాయిస్తుంది, మలుపు తిరగదు. ఇంకా లేవడమే నేర్చుకుంటున్నవాళ్లకి ఇదేదీ వర్తించదు. వాళ్లు పెద్ద ఫోమ్ బోర్డు మీదే ఉండాలి, తొందర లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే అమ్మేవాళ్లు పొడవు, వెడల్పు, మందం, లీటర్లు చెబుతారు. ఆ నాలుగూ బోర్డు మీద రాసే ఉంటాయి కాబట్టి చెబుతారు. తోక వెడల్పు దాదాపు ఏ బోర్డు మీదా రాసి ఉండదు. తోక చివర నుంచి మధ్య గీత మీద 12 అంగుళాలు కొలిచి పెన్సిల్ గుర్తు పెట్టి, అక్కడ అడ్డంగా టేపు పరిచి ఫొటో పంపమనండి. స్వాలో టెయిల్ అయితే చీలిక లోపలి నుంచి కాదు, రెండు కొనల్ని కలిపే గీత నుంచి కొలవాలి. తర్వాత బోర్డుని బోర్లా పెట్టి, అడుగున మధ్య గీత మీద పొడవాటి కర్ర స్కేలు ఆనించి, తోక చివర ఎంత ఖాళీ వస్తుందో ఇంకో ఫొటో. రెండు అంగుళాల లోపు ఉంటే మన చిన్న కెరటాలకి పనికొస్తుంది, రెండున్నర దాటితే వదిలేయండి. ఆ రెండు ఫొటోలూ గ్రూపులో పెడితే, చూసి చెప్పడానికి నాతో పాటు ఇంకో నలుగురం ఉన్నాం.